కొత్త కీలు, పాత రక్తపరీక్ష

మదనపల్లె, హిందూపురం, చిత్తూరు, కోలారు వైపు మోకాళ్లు అరిగిపోయిన పెద్దవాళ్లలో చాలామంది ఆపరేషన్‌కు బెంగళూరు బస్సో రైలో ఎక్కుతారు. దారి దగ్గర, కొడుకో కూతురో అక్కడే ఉద్యోగంలో ఉంటారు, ఆసుపత్రిలో తెలుగు మాట్లాడే నర్సమ్మ ఎవరో ఒకరు తగులుతారు. చిప్పలు మార్పించుకుని, వ్యాయామాలు నేర్చుకుని ఊరికి తిరిగొస్తారు. ఎక్కువమందికి కథ అక్కడితో సుఖాంతం. నూటికి ఒకరికో ఇద్దరికో మాత్రం కొత్త కీలు చుట్టూ సూక్ష్మజీవులు చేరతాయి. ఒకసారి విప్పి మళ్లీ మార్చిన కీళ్లలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఊళ్లో దీన్ని ‘సెప్టిక్ అయింది’ అంటారు.

చర్మానికి రంధ్రం పడి, కీలు దాకా దారి ఏర్పడి, చీము కారుతుంటే ఏ పరీక్షా అక్కర్లేదు, అదే రుజువు. చిక్కంతా రెండో రకంతోనే. ఆపరేషనై ఏడాదో రెండేళ్లో అయింది. జ్వరం లేదు, ఎరుపు లేదు, వాపు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. నొప్పి మాత్రం పోదు. ఇంప్లాంట్ వదులైందా, వెన్ను నుంచి దిగిన నొప్పా, లేక లోపల క్రిమి కాపురం పెట్టిందా? దేనికి దాని వైద్యం వేరు. క్రిమి ఉన్న సంగతి తెలియక, వదులైందనుకుని కొత్త ఇంప్లాంట్ పెడితే అదీ చెడుతుంది. లేని క్రిమిని ఉందనుకుని కీలు విప్పేస్తే మనిషి నెలల తరబడి మంచం పడతాడు.

అందరూ ముందు చేయించేది రక్తపరీక్ష. బెంగళూరు జయనగర్‌లోనైనా మల్లేశ్వరంలోనైనా ఫోన్ చేస్తే ల్యాబు కుర్రాడు పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తాడు. సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో వాలుతుంది. అందులో ముద్దక్షరాల్లో ఒక అంకె. అది చూసి ఇంటిల్లిపాదీ కంగారు పడటమో, హమ్మయ్య అనుకోవడమో. ఆ అంకె దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అన్నదే ఇక్కడి ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కీలులోకి సూది దించాలా వద్దా అని తేల్చుకోవడానికి రక్తపరీక్ష బాగా పనికొస్తుంది. ఇన్ఫెక్షన్ ఉందనో లేదనో తీర్పు చెప్పడానికి చాలదు. మన దగ్గర తరచూ దాన్ని ఆ రెండో పనికే వాడేస్తున్నాం.

ఎందుకు చాలదో తెలియాలంటే లోపలి సంగతి కాస్త చూడాలి. లోహం మీద, ప్లాస్టిక్ మీద రక్తనాళాలుండవు. అక్కడ చేరిన బ్యాక్టీరియా తన చుట్టూ జిగురు పొర అల్లుకుని కూర్చుంటుంది. దీన్నే బయోఫిల్మ్ అంటారు. ఆ పొరలోకి తెల్లకణాలూ సరిగా పోలేవు, మందులూ పోలేవు. స్టెఫైలోకాకస్ ఆరియస్ లాంటి పోకిరీ బ్యాక్టీరియా అయితే గొడవ చేసి తానే బయటపడుతుంది. మన చర్మం మీద మామూలుగా బతికే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్, క్యూటీబాక్టీరియం ఆక్నెస్ లాంటివి అలా కాదు. నెమ్మదిగా, చప్పుడు లేకుండా ఏళ్ల తరబడి ఉండిపోగలవు. మనం చేయించే సాధారణ రక్తపరీక్షల్లో ఏదీ ఆ క్రిమిని చూడదు. క్రిమి వచ్చిందని ఒళ్లు చేసే అలజడిని మాత్రమే కొలుస్తుంది. కుక్క మొరిగితే దొంగే రావాలని లేదు, పోస్టుమాన్ వచ్చినా మొరుగుతుంది. అలవాటైన దొంగ వస్తే అసలు మొరగకపోవచ్చు కూడా.

వీటిలో అన్నిటికన్నా పాతది ఈఎస్ఆర్. రక్తంలో ఎర్రకణాలు కిందికి దిగే వేగానికీ జబ్బుకూ సంబంధం ఉందని పోలండ్ వైద్యుడు ఎడ్మండ్ బియెర్నాట్స్కి 1897లో గమనించాడు. తర్వాత స్వీడన్‌లో రాబిన్ ఫారియస్, ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ దాన్ని 1920ల నాటికి ఒక పద్ధతిలో పెట్టారు. ఆ పద్ధతి ఇప్పటికీ మారలేదు. సుమారు 30 సెంటీమీటర్ల సన్నని గొట్టం. నాలుగు పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ ద్రావణం కలిపి అందులోకి ఎక్కిస్తారు, స్టాండులో నిటారుగా నిలబెట్టి గంట వదిలేస్తారు. ఎర్రకణాలు దిగుతాయి, పైన లేత పసుపు ప్లాస్మా తేలుతుంది. గంటకు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయన్నదే ఆ అంకె. ఒంట్లో వాపు జబ్బేదైనా ఉంటే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది, దానివల్ల ఎర్రకణాలు ఒకదానికొకటి అంటుకుని బరువుగా త్వరగా దిగుతాయి. గొట్టం కాస్త వాలినా, పక్క బల్ల మీద యంత్రం అదురుతున్నా, గది మరీ వేడెక్కినా అంకె మారిపోతుంది.

కృత్రిమ కీలు విషయంలో గంటకు 30 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలని అంతర్జాతీయ ప్రమాణం. ఇక్కడో తిరకాసుంది. ఆడవాళ్లలో వయసుకు పది కలిపి సగం చేస్తే వచ్చేది, మగవాళ్లలో వయసులో సగం, ఈఎస్ఆర్‌కు మామూలు గరిష్ఠ హద్దని వైద్య విద్యార్థులు నేర్చుకునే సూత్రం. ఆ లెక్కన డెబ్బై ఏళ్ల ఆవిడకు 40 దాకా మామూలే. అంటే ఏ జబ్బూ లేకుండానే ఆమె అనుమానితుల జాబితాలో చేరిపోతుంది. పైగా రక్తహీనత ఉంటే ఈఎస్ఆర్ దానంతటదే పెరుగుతుంది. 15-49 ఏళ్ల భారతీయ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అరవైలు దాటాక అది దానంతటదే తీరిపోయేది కాదు కదా. మోకాళ్లు మార్పించుకునేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ కాబట్టి, మన దగ్గర ఒక్క ఈఎస్ఆర్ పెరగడాన్ని పట్టుకుని కీలును అనుమానించడం నాకైతే న్యాయంగా తోచదు.

సీఆర్పీ (సి-రియాక్టివ్ ప్రొటీన్) ఇంతకన్నా నమ్మదగ్గది. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెలర్ సంస్థలో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనిపెట్టారు. న్యుమోకాకస్ బ్యాక్టీరియాలోని ‘సి’ అనే పదార్థంతో కలిసి ముద్దకడుతుంది కాబట్టి ఆ పేరొచ్చింది. ఇది కాలేయంలో తయారవుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే కబురు అందగానే కాలేయం కొద్ది గంటల్లోనే దీన్ని రక్తంలోకి వదులుతుంది. కారణం తొలగితే అంతే త్వరగా తగ్గుతుంది. సుమారు 19 గంటలకోసారి సగమవుతూ వస్తుంది. ఈ చురుకుదనమే సీఆర్పీ బలం.

అందుకే ఆపరేషన్ తర్వాత తొలి వారాల్లో ఒక్క అంకెకు విలువ లేదు, అంకెలు ఏ దిక్కుకు పోతున్నాయన్నదానికే విలువ. కోసి, ఎముక చెక్కి, లోహం బిగించాక సీఆర్పీ పెరగక ఏం చేస్తుంది? రెండో మూడో రోజున శిఖరానికి చేరుతుంది, ఆ తర్వాత దిగడం మొదలుపెట్టి కొన్ని వారాల్లో మామూలుకు వస్తుంది. ఈఎస్ఆర్‌కైతే నెలలు పడుతుంది. దిగుతున్న సీఆర్పీ ఆగి మళ్లీ ఎక్కిందంటే అప్పుడు ఉలిక్కిపడాలి. ఆపరేషన్ పాతబడ్డాక లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే అనుమానం, కొత్తలో అయితే 100 దాటితే అనుమానం అన్నది ఇప్పుడు చెలామణిలో ఉన్న హద్దు. పన్నెండో రోజున 35 ఉందని భయపడి యాంటీబయోటిక్ మొదలుపెట్టించుకునే కుటుంబాలకు ఈ సంగతి ముందే ఎవరైనా చెబితే బాగుండు.

కొలమానాల దగ్గరా జాగ్రత్త కావాలి. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు. ఒకచోట 1.8, మరోచోట 18, రెండూ ఒకటే. బెంగళూరులో ఒక ల్యాబు, ఊరెళ్లాక మదనపల్లెలో మరో ల్యాబు అయినప్పుడు 1.8 నుంచి 18కి పెరిగిందని గుండెలు బాదుకోవడమో, 18 నుంచి 1.8కి తగ్గిందని సంబరపడటమో జరగొచ్చు. అంకె పక్కన చిన్నక్షరాల్లో ఉన్న కొలమానాన్ని ముందు చదవాలి.

సీఆర్పీ పెరగడం కన్నా, పెరగకపోవడం ఎక్కువ ప్రమాదకరం. నెమ్మదిగా సాగే దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్లలో, ముఖ్యంగా క్యూటీబాక్టీరియం లాంటివాటిలో, సీఆర్పీ మామూలుగానే ఉండిపోవచ్చు. ఇన్ఫెక్షన్ ఖాయమని తర్వాత తేలిన రోగుల్లో మూడోవంతు దాకా మామూలు సీఆర్పీతో ఉన్నట్టు కొన్ని యూరప్ అధ్యయనాలు చూపించాయి. భుజం కీలులోనైతే ఈ మోసం మరీ ఎక్కువ. ఇంకో మోసం మందులతో వస్తుంది. కీళ్లవాతానికి ఇచ్చే టోసిలిజుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-6 పనినే అడ్డుకుంటుంది. కోవిడ్ రోజుల్లో ఈ పేరు చాలామంది విన్నదే. కబురే అందనప్పుడు కాలేయం సీఆర్పీ ఎందుకు తయారుచేస్తుంది? ఆ మందు వాడేవాళ్లకు కీలులో చీమున్నా రిపోర్టు శుభ్రంగా కనిపించొచ్చు. కాబట్టి నొప్పి ఉన్న మనిషికి ‘సీఆర్పీ నార్మల్, మీకేం లేదు’ అని చీటీ రాసి పంపేయడం తొందరపాటు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇన్ఫెక్షన్ ఉన్న నూరుమందిలో 90 మందిని పట్టుకునే, లేని నూరుమందిలో 80 మందిని సరిగ్గా వదిలేసే పరీక్ష ఒకటుందనుకుందాం. ఏ బాధా లేకుండా హాయిగా నడుస్తున్న వెయ్యిమందికి, వాళ్లలో ఇరవైమందికే ఇన్ఫెక్షన్ ఉందనుకుని, ఆ పరీక్ష చేస్తే 18 మంది దొరుకుతారు. వాళ్లతోపాటు ఏ పాపమూ ఎరగని 196 మంది కూడా. పాజిటివ్ వచ్చిన పన్నెండుమందిలో ఒక్కరికే నిజంగా జబ్బు. అదే పరీక్షను నొప్పితో కుంటుతున్న వెయ్యిమందికి, వాళ్లలో రెండొందలమందికి ఇన్ఫెక్షన్ ఉందనుకుని చేస్తే 180 మంది నిజం, 160 మంది అబద్ధం, ఇరవైమంది తప్పించుకుంటారు. పరీక్ష మారలేదు, మనుషులు మారారు. మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఊరికే వచ్చిన సీఆర్పీని చూసి, చక్కగా నడుస్తున్న మోకాలిని అనుమానించకూడదని చెప్పడానికే ఈ లెక్క.

మన ప్రాంతపు రక్తంలో వేరే అలజడులూ ఉంటాయి. 2006లో చికున్‌గున్యా విరుచుకుపడినప్పుడు దేశంలోకెల్లా ఎక్కువ అనుమానిత కేసులు, ఏడు లక్షలకు పైగా, కర్ణాటకలోనే నమోదయ్యాయి. ఆంధ్రా కూడా బాగా దెబ్బతింది. చికున్‌గున్యా వస్తే కీళ్లు వాస్తాయి, సీఆర్పీ పెరుగుతుంది, ఆ నొప్పి నెలల తరబడి సాగుతుంది. మార్చిన మోకాలున్న మనిషికి అదే వస్తే ఏది ఏదో విడదీయడం కష్టం. దానికి చికున్‌గున్యా యాంటీబాడీ పరీక్ష ఉంది, అడిగి చేయించుకోవాలి. క్షయ సంగతి చెప్పనక్కర్లేదు. కొత్త కీలులోకి క్షయ క్రిమి రావడం అరుదే గానీ మన దేశంలో దాన్ని పూర్తిగా మరిచిపోకూడదు. క్రిమిని ల్యాబులో పెంచి చూసే మామూలు కల్చర్‌లో అది పెరగదు, ప్రత్యేకంగా అడగాలి.

రక్తపరీక్ష క్రిమి పేరును కూడా సూచించగల సందర్భం ఒకటుంది: బ్రూసెల్లా. పశువులు, గొర్రెలు, మేకల నుంచి, కాచని పాల నుంచి వచ్చే జబ్బిది. కృత్రిమ కీళ్లలో బ్రూసెల్లా చేరిన ఉదంతాలు వైద్య పత్రికల్లో అక్కడక్కడా ఉన్నాయి. దీనికి రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష ఎప్పటినుంచో ఉంది. పశువుల్లో ఈ జబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న జాతీయ సంస్థ నివేది బెంగళూరు యలహంకలోనే ఉంది. అనంతపురం నుంచో పావగడ నుంచో గొర్రెలు మేపే మనిషి మార్చిన మోకాలి నొప్పితో వస్తే ఆయన వృత్తి ఏమిటని అడగడం ఏ ఖరీదైన పరీక్షకూ తీసిపోదు.

ఇక కొత్త పరీక్షల హడావిడి. వాటిలో చెప్పుకోదగ్గది డి-డైమర్. రక్తపు గడ్డ కరిగినప్పుడు మిగిలే ముక్క ఇది. కోవిడ్ పుణ్యమా అని ఈ పేరు మనకు నోటికొచ్చేసింది. ఫిలడెల్ఫియాలోని రాత్‌మన్ సంస్థ 2017లో 245 మందితో చేసిన అధ్యయనంలో డి-డైమర్ ఈఎస్ఆర్‌నూ సీఆర్పీనీ కూడా మించిపోయిందని ప్రకటించింది. ఆ మరుసటి ఏడే అంతర్జాతీయ ప్రమాణాల్లోకి ఎక్కేసింది. ఆ తర్వాత ఇతర దేశాల్లో చేసిన చాలా అధ్యయనాల్లో మాత్రం ఆ మెరుపు కనిపించలేదు. వయసు పెరిగినా, కాలి సిరలో గడ్డ కట్టినా డి-డైమర్ పెరుగుతుంది. సీరంలో కొలిచిందీ ప్లాస్మాలో కొలిచిందీ ఒకటి కావు. కొలమానాలు రెండు రకాలు, ఒకటి ఇంకోదానికి దాదాపు రెట్టింపు. ఒక్క అధ్యయనాన్ని పట్టుకుని ప్రమాణాల్లోకి ఎక్కించడం తొందరపాటని నా ఉద్దేశం. 2021లో యూరప్ ఎముకల-కీళ్ల ఇన్ఫెక్షన్ల సంఘం ఇచ్చిన నిర్వచనంలో డి-డైమర్ లేదు, ఈఎస్ఆర్ కూడా లేదు. రక్తపరీక్షల్లో సీఆర్పీని ఒక్కదాన్నే ఉంచారు, అదీ ‘ఇన్ఫెక్షన్ ఉండొచ్చు’ అన్న వరుసలో.

ఇంటర్‌ల్యూకిన్-6 మంచిదే. ఆపరేషన్ తర్వాత కొద్ది రోజుల్లోనే మామూలుకు వచ్చేస్తుంది, అమెరికా ఎముకల సర్జన్ల అకాడమీ 2019లో దాన్ని ఈఎస్ఆర్, సీఆర్పీల సరసన నిలబెట్టింది. కానీ ఖరీదెక్కువ, కీళ్లవాతంలోనూ పెరుగుతుంది. ప్రోకాల్సిటోనిన్ రక్తమంతా విషమయ్యే సెప్సిస్‌ను బాగానే పట్టిస్తుంది గానీ ఒక్క కీలుకు పరిమితమైన ఇన్ఫెక్షన్‌ను వదిలేస్తుంది. న్యూట్రోఫిల్, లింఫోసైట్ల నిష్పత్తి, ఫైబ్రినోజెన్, ప్లేట్‌లెట్ల లెక్కల మీద వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. వేటికీ సొంతంగా నిలబడే సత్తా కనిపించలేదు. రక్తంలో తేలే బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్కలను చదివే పద్ధతి ఒక్కటే నిజంగా కొత్త ఆలోచన, ఎందుకంటే అది ఒంటి అలజడిని వదిలి క్రిమినే వెతుకుతుంది. మెడ్‌జినోమ్, స్ట్రాండ్ లాంటి జన్యు పరీక్షల సంస్థలు ఉన్న ఊరు కాబట్టి బెంగళూరుకు ఈ దారి కొత్తకాదు. అయినా రోజువారీ వైద్యంలోకి రావడానికి ఇంకా టైముంది.

2018 అంతర్జాతీయ ప్రమాణాల్లో మార్కుల పద్ధతి చూస్తే రక్తానికి ఎంత బరువిచ్చారో తెలుస్తుంది. సీఆర్పీ గానీ డి-డైమర్ గానీ పెరిగితే 2 మార్కులు, ఈఎస్ఆర్‌కు 1. ఇన్ఫెక్షన్ అని తేల్చడానికి 6 రావాలి. అంటే రక్తపరీక్షలన్నీ కలిపినా మూడే, సగం దారి. మిగతాది కీలులోని నీరే చెప్పాలి. అందులో తెల్లకణాలు 3,000 దాటితే 3 మార్కులు, వాటిలో న్యూట్రోఫిల్స్ 80 శాతం మించితే 2. ఒకే క్రిమి రెండు నమూనాల్లో పెరిగితే మార్కుల గొడవే లేదు.

ఆ నీరు తీయడం పెద్ద పనేం కాదు. చిప్పకు పైన, బయటి వైపున చర్మం శుభ్రంచేసి సూది దించుతారు. వచ్చిన నీటిలో కొంత ఊదా మూత గొట్టంలోకి, కణాల లెక్కకు. కొంత నేరుగా బ్లడ్ కల్చర్ బాటిల్‌లోకి. నెమ్మదిగా పెరిగే క్రిముల కోసం కల్చర్‌ను పద్నాలుగు రోజుల దాకా ఉంచమని ల్యాబుకు చెప్పాలి, లేకపోతే ఐదో రోజున ‘నో గ్రోత్’ అని రాసి పారేసే ప్రమాదముంది. చేతిలో డబ్బు లేనిచోట మూత్రపరీక్షకు వాడే రంగు పట్టీ మీద ఒక చుక్క వేస్తే ల్యూకోసైట్ ఎస్టరేజ్ గడి రెండు నిమిషాల్లో రంగు మారుతుంది. దానికీ ఆ ప్రమాణాల్లో కణాల లెక్కతో సమానంగా 3 మార్కులిచ్చారు. ఖరీదైన కిట్ల కన్నా ఈ పట్టీ మీదే మన జిల్లా ఆసుపత్రులు ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు.

ఈ పని చెడేది యాంటీబయోటిక్ వల్ల. నొప్పి మొదలవగానే ఊళ్లో ఎవరో ఐదు రోజుల కోర్సు రాస్తారు, లేదా మందుల షాపువాడే ఇచ్చేస్తాడు. చీటీ లేకుండా చాలా యాంటీబయోటిక్‌లు అమ్మకూడదని 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 నిబంధన అమల్లో ఉంది, షాపు కౌంటర్ దగ్గర దాని జాడ మాత్రం తక్కువ. ఆ కోర్సుతో సీఆర్పీ కాస్త తగ్గుతుంది, నొప్పి కాస్త తగ్గుతుంది, జిగురు పొర మాత్రం చెక్కుచెదరదు. ఇలాంటి కోర్సులు వాడుతూ మూడు నెలలకు బెంగళూరు చేరేసరికి కీలు నీటి కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు, ఏ మందివ్వాలో తెలియదు. మనిషి స్థిమితంగా ఉంటే నీరు తీయడానికి ముందు రెండు వారాలైనా యాంటీబయోటిక్ ఆపాలన్నది మార్గదర్శకాల మాట. వణుకుతో కూడిన జ్వరం, పడిపోతున్న బీపీ ఉంటే మాత్రం ఆగకూడదు. బ్లడ్ కల్చర్ తీసి వెంటనే మందు మొదలుపెట్టాలి.

ఆలస్యానికి వెల పెద్దది. మొదటి కొద్ది వారాల్లో పట్టుకుంటే కీలు తెరిచి కడిగి, ప్లాస్టిక్ భాగం మార్చి, ఇంప్లాంట్‌ను నిలుపుకోవచ్చు. ఆలస్యమైతే మొత్తం తీసేసి, మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, వారాల తరబడి యాంటీబయోటిక్ ఇచ్చి, రెండో ఆపరేషన్‌లో కొత్తది పెట్టాలి. 2017 ఆగస్టులో కేంద్ర ధరల సంస్థ మోకాలి ఇంప్లాంట్లకు హద్దు పెట్టినప్పుడు మామూలు కోబాల్ట్-క్రోమియం ఇంప్లాంట్‌కు 54,720 రూపాయలు, రెండోసారి వేసేదానికి 1,13,950 రూపాయలు ఖరారు చేసింది. ఇవి ఇంప్లాంట్ ధరలే. గది, మత్తు, మందులు, సంపాదన పోయిన నెలలు వేరు. ఆ రెండు ఆపరేషన్ల మధ్య కూడా అందరూ సీఆర్పీ వైపే చూస్తారు. అది మామూలుకు వచ్చినంత మాత్రాన క్రిమి పోయిందని చెప్పలేమని, కాస్త ఎక్కువున్నంత మాత్రాన పోలేదని చెప్పలేమని ఇప్పటికి తెలిసిన సంగతి.

సీఆర్పీకి 10, ఈఎస్ఆర్‌కు 30, డి-డైమర్‌కు 860 అనే ఈ హద్దులన్నీ ఎక్కువగా అమెరికా, యూరప్ రోగుల నుంచి వచ్చినవి. రక్తహీనత, చికున్‌గున్యా, చీటీ లేని యాంటీబయోటిక్‌లు కలగలిసిన మన రోగుల్లో ఆ అంకెలు ఎక్కడ నిలబడతాయో మన లెక్కలే చెప్పాలి. భారత తుంటి-మోకాలి సర్జన్ల సంఘం 2006 నుంచి కీళ్ల మార్పిడి రిజిస్ట్రీ నడుపుతోంది, చేరడం సర్జన్ ఇష్టం. బెంగళూరులో ఇన్ని పెద్ద ఆసుపత్రులున్నాయి. ఒక్క ఊరి లెక్కలు నిజాయితీగా ఒకచోట చేరినా మన హద్దులు మనం గీసుకోగలం.

అంతవరకు, కీలు మార్పించుకున్నవాళ్లకు ఒక మాట. ఆపరేషన్‌కు ముందు, డిశ్చార్జి రోజున, ఆరో వారంలో తీసిన సీఆర్పీ రిపోర్టులు పారేయకండి. రేపు పోల్చి చూడటానికి అవే ఆధారం. నొప్పి కొత్తగా మొదలైతే మందుల షాపుకు వెళ్లేముందు ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేయండి. సీఆర్పీ ఎక్కువున్నా, తక్కువుండి నొప్పి తగ్గకపోయినా, మందు మొదలుపెట్టకముందే ‘కీలులోంచి నీరు తీసి చూడాలా?’ అని అడగండి.